తెలుగు లిపి బరువెంత? – దత్తాంశ సంపీడనము

మద్రాసు రాయపురమునుండి వాలాజా రోడ్డు వఱకు 1856 జూలై 1వ తేదీన తొలి ప్రయాణికుల బండి నడచుటతో దక్షిణాపథమున ప్రయాణికుల రైలు చరిత్ర ఆరంభమైనది. ఆ పాత యినుపదారిమీదనే, ఆవడి దాటిన కొలది దూరమున, పట్టాభిరామ్ అను ఊరు గలదు. సైనిక స్థావరములకు బండ్లు మరలు సైడింగుచేతను, కలవల కన్నన్ చెట్టిగారి పేరిట వెలసిన హిందూ కళాశాలచేతను చిరకాలముగా గుర్తింపబడుచున్న ఈ ఊరికి, 2024 నవంబరు నెలలో 21 అంతస్తుల టైడెల్ పార్కు వచ్చి చేరుటతో, కంప్యూటరు వృత్తియు జతపడినది. అదే దారిని అరక్కోణము వఱకు బోయి ఉత్తరమునకు మరలినచో తిరుత్తణి వచ్చును. 1960 ఏప్రిలు 1వ తేదీకి పూర్వ మది చిత్తూరు జిల్లాలోనిది. సరిహద్దు తగవును తీర్చుటకు పటాస్కరుగారి మధ్యవర్తిత్వమున కుదిరిన ఒడంబడిక ననుసరించి నాడు మద్రాసు రాష్ట్రమున చేరినది. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మించిన ఊరది. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కొలువులో ఇంగ్లీషు మాటలాడు కుటుంబము లీ ప్రాంతమున నేటికిని గలవు.

ఇట్టి కుటుంబములలోని చిన్నవారు సెల్‌ఫోనులో తెలుగును రోమను లిపిలో వ్రాయుట చూచి పెద్దలు నొచ్చుకొనినప్పుడు, సమాధానముగా వినవచ్చు మాటలలో నొకటి శాస్త్రసమ్మతమువలె కనబడును: తెలుగు లిపి కంప్యూటరునకు బరువు, రోమను లిపి తేలిక. ఈ మాటలో సత్య మెంత గలదో తూచి చూడవలసియున్నది. తూచుటకు కావలసిన త్రాసు దత్తాంశ సంపీడన మను విద్య; అనగా, ఉన్న సమాచారములో ఒక్క బిట్టును పోగొట్టకుండ, దానిని తక్కువ చోటులో ఇమిడ్చి, కోరినప్పుడు యథాతథముగా మరల విప్పుకొనుట. నే డీ పని స్క్రిప్టింగు భాషలలో ఒక్క ఆజ్ఞతో ముగియుచున్నది. ఆజ్ఞ చిన్నదైనను దాని వెనుకనున్న యోచన మిక్కిలి లోతైనది.

మొదట బరువు సంగతి. ‘పట్టాభిరామ్’ అను మాటను రోమను లిపిలో పది అక్షరములతో వ్రాయుదురు. అది కంప్యూటరు స్మృతిలో 10 బైట్లు పట్టును. తెలుగు లిపిలో అదే మాటకు హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు వేఱువేఱుగా లెక్కింపగా 11 సంకేతము లగును; ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్ల చొప్పున మొత్తము 33 బైట్లు. ఇది యెవరో తెలుగుపై కక్షగట్టి చేసిన పని కాదు. ప్రపంచ లిపులన్నిటికిని వరుస సంఖ్యల నొసగిన యూనికోడ్ పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు స్థానములు లభించినవి. ఆ సంఖ్యలను బైట్లుగా మార్చుటకు 1992లో కెన్ టాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో 127 వఱకు గల సంఖ్యలకు ఒక బైటును, 2047 వఱకు రెండు బైట్లును, ఆపైన 65,535 వఱకు మూడు బైట్లును కావలెను. దేవనాగరి మొదలుకొని భారతీయ లిపుల స్థానములు 2304తో ఆరంభ మగును గనుక మన ప్రధాన లిపులు మూడు బైట్ల తరగతిలోనే పడినవి. సెల్‌ఫోను సంక్షిప్త సందేశములలో నిదే కష్టము మఱియొక రూపమున కనబడును: 140 బైట్ల సందేశములో రోమను అక్షరములు 160 పట్టగా, అక్కడ ఒక్కొక్కటికి రెండేసి బైట్లు తినెడి తెలుగు సంకేతములు 70 మాత్రమే పట్టును.

ఇంతవఱకు ఆక్షేపకుని మాట నిజమే. కాని ఆ మూడు బైట్లలో నున్న దేమి యని విప్పి చూచినచో చిత్రమైన సంగతి బయటపడును. తెలుగు సంకేతము ఏదైనను మొదటి బైటు విలువ 224. రెండవది 176 గాని 177 గాని, అంతకు మించి వేఱొకటి కాజాలదు. అక్షరమును నిజముగా నిర్ణయించునది మూడవ బైటు, దానికి తోడు రెండవదానిలో ఒక బిట్టు. మొదటి బైటు ‘వచ్చునది మూడు బైట్ల సంకేతము’ అని చాటించునంతే; తెలుగు పుటలో ఆ చాటింపు ప్రతి సంకేతమునకు ముందు పునరావృత్త మగుచునే యుండును.

తిరుత్తణి నుదాహరణముగా గైకొందము. తెలుగున వ్రాసినను తమిళమున వ్రాసినను ఆ పేరులో 9 సంకేతములే, 27 బైట్లే. తమిళ సంకేతములకును మొదటి బైటు 224. రెండవది మాత్రము 174 గాని 175 గాని. భారతీయ లిపులలో సమానాక్షరములను సమాన స్థానముల నుంచవలెనని ఇస్కీ అను సంకేత ప్రమాణమును నిర్మించిన మనవారు పాటించిన నియమమును యూనికోడ్ స్వీకరించుటచేత, తెలుగు ‘త’కారమునకు మూడవ బైటు 164 కాగా తమిళ ‘త’కారమునకును 164యే, ‘ణ’కారమునకు రెంటను 163. కావున ఈ రెండు లిపులలోని తిరుత్తణిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో 27 బైట్లలో 18 అక్షరాల ఒక్కటే. తక్కిన 9 చోట్లను భేదము సరిగా రెండే. సరిహద్దు ఊరిలో రెండు భాషల బోర్డులను చూచుచు పెరిగినవారి కీ లెక్క సంతోషము గలిగింపకపోదు.

ఎల్లప్పు డొకే రీతిని వచ్చునది సమాచారము కాదు. ఈ సత్యమునకు గణితరూపము నిచ్చినవాడు క్లాడ్ షానన్. 1948లో వెలువడిన తన ప్రసిద్ధ పత్రమున ఆయన, ఒక సందేశములోని సమాచారము దాని పొడవునుబట్టి కాక, తరువాత రాబోవుదానిని గూర్చి మనకు గల అనిశ్చయమునుబట్టి కొలవబడవలెనని నిరూపించెను. తెలుగు పుటలో 224 తరువాత 176 గాని 177 గాని వచ్చునని ముందే తెలిసియున్నప్పుడు ఎనిమిది బిట్ల ఆ బైటులో మనకు క్రొత్తగా తెలియవచ్చునది మహా అయినచో ఒక్క బిట్టు. తక్కిన ఏడును డొల్ల. ఈ డొల్లను గుర్తించి తొలగించుటయే సంపీడనము.

మన పెద్దల కీ ప్రయత్నము క్రొత్త కాదు. పాణిని పదునాలుగు మాహేశ్వర సూత్రములలో వర్ణములను ఒక క్రమమున నిలిపి, మొదటి వర్ణమును చివరి గుర్తును జోడించి ‘అచ్’ అన్నప్పుడు స్వరములన్నియు, ‘హల్’ అన్నప్పుడు వ్యంజనములన్నియు బోధపడునట్లు చేసెను. బడిలో పలక పట్టిన ప్రతి తెలుగు పిల్లవాడును ఆ సంపీడన ఫలమునే అచ్చులు, హల్లులు అని వల్లె వేయుచున్నాడు. అందులో ఒక నియమము గూఢముగా నున్నది: సూత్రకారునికిని చదువరికిని ఆ వర్ణక్రమము ముందుగా తెలిసియుండవలెను. అట్లు గానిచో ‘అచ్’ అనునది అర్థములేని ధ్వని. ఈ నియమము మరల చివరను మనకు పనికివచ్చును.

ఆధునిక యంత్రములలో డొల్లను తీసివేయు మార్గములు రెండు. మొదటిది, తఱచుగా వచ్చుదానికి పొట్టి సంకేతమును, అరుదుగా వచ్చుదానికి పొడుగు సంకేతమును ఇచ్చుట. తంతి గుర్తులలో మోర్సు పద్ధతివారు దీనిని స్థూలముగా పాటించిరి. దీనిని నిర్దుష్టముగా సాధించినవాడు డేవిడ్ హఫ్‌మన్. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రాబర్ట్ ఫానో అను ఆచార్యుడు, పరీక్ష వ్రాయుటకు బదులు ఈ సమస్యపై వ్యాసమును సమర్పింపవచ్చునని విద్యార్థుల కవకాశ మీయగా, ఆచార్యునికే పూర్తిగా లొంగని ఆ సమస్యను, అన్నిటికంటె అరుదైన రెంటిని జతచేయుచు క్రిందినుండి పైకి వృక్షమును కట్టుకొని పోవుటయను ఉపాయముతో ఆ విద్యార్థి పరిష్కరించెను. 1952లో అది ప్రకటితమైనది. హఫ్‌మన్ పద్ధతి నొక్కదానినే తెలుగు పుటకు ప్రయోగించినను, బైట్లలో ఇంచుమించు మూడవవంతుగా వచ్చు 224కు 8 బిట్లకు బదులు 2 బిట్లకు మించని సంకేతము లభించును. మూడు బైట్ల భారములో మొదటిది ఇచ్చటనే కరగిపోయినది.

రెండవ మార్గమును 1977లో ఇజ్రాయెలు దేశీయులు అబ్రహామ్ లెంపెల్, జేకబ్ జివ్ అనువారు చూపిరి. ఇంతకుముందు వచ్చిన వరుస మరల వచ్చినప్పుడు దానిని తిరిగి వ్రాయక, ‘ఇంత వెనుకకు పోయి ఇంత పొడవు తీసికొనుము’ అని రెండు సంఖ్యలతో చెప్పుట దాని సారము. ఈ రెండు మార్గములను కలిపి ఫిల్ కాట్జ్ నిర్మించిన ‘డిఫ్లేట్’ పద్ధతిలో వెనుకకు 32,768 బైట్ల వఱకు పోవచ్చును. ఒక్కసారి తీసికొనగల పొడవు 3 మొదలు 258 బైట్లు. ఒక వాక్యములో ‘తిరుత్తణి’ వచ్చిన పిమ్మట ‘తిరువళ్ళూరు’ వచ్చిన దనుకొందము. మన కంటికి వీనిలో సమానమైనది ‘తిరు’ మాత్రమే, అనగా 12 బైట్లు. యంత్రము ఇంకను రెండు బైట్లు ముందునకు పోవును. ఏలయన తరువాతి ‘త’కార ‘వ’కారములకును మొదటి రెండు బైట్లు 224, 176 సమానములే. ఈ 14 బైట్ల 112 బిట్లకు బదులుగా, డిఫ్లేట్ లోని స్థిర సంకేతపట్టికనే వాడినను, ఎంత దూరమునుండి తెచ్చుకొన్నను 26 బిట్లు చాలును. ప్రత్యయములను వెనుక వెనుక జేర్చుకొనుచు పోవు తెలుగు స్వభావ మీ పద్ధతికి మిక్కిలి అనుకూలము. ‘చున్నది’, ‘బడినది’, ‘లలోని’, ‘వలసిన’ వంటి తునుకలు ప్రతి పుటలోను మరల మరల వచ్చును గదా! లిపివలన పెరిగిన నిడివిని మన వ్యాకరణమే కొంత తిరిగి చెల్లించుచున్న దనవచ్చును.

ఈ విద్య సామాన్యుల చేతికి వచ్చుటకు ఉదారులైన ఇరువురు కారకులు. జాన్-లూ గయీ, మార్క్ ఆడ్లర్ అనువారు 1995లో ‘జెడ్‌లిబ్’ అను గ్రంథాలయమును రచించి ఎవ్వరైనను ఉచితముగా వాడుకొనునట్లు వదలిపెట్టిరి. ఆ కాలమున లెంపెల్–జివ్ పద్ధతికి మఱియొక శాఖయైన ఎల్‌జెడ్‌డబ్ల్యూపై పేటెంటు హక్కుల తగవులు చెలరేగుచుండుటచేత, ఆ చిక్కులు లేని సాధనము ఎంత అవసరమో లోకమునకు తెలిసియుండెను. 1996 మే నెలలో దాని రూపము లన్నియు ప్రమాణపత్రములుగా వెలువడినవి. నేడు పైథాన్, పీహెచ్‌పీ మొదలగు స్క్రిప్టింగు భాషలలోని సంపీడన ఆజ్ఞలకు ఆధార మదియే. 2012 డిసెంబరులో వెలువడిన టీసీఎల్ అను మఱియొక స్క్రిప్టింగు భాష 8.6 రూపమున ‘జెడ్‌లిబ్’ అను పేరుతోనే ఒక ఆజ్ఞ చేరినది.

తెలుగునకు సంబంధించిన ప్రత్యక్ష నిదర్శనము తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో ఆరంభమైన ఆ విజ్ఞానసర్వస్వమునకు ఆధారమైన మీడియావికీ పీహెచ్‌పీ భాషలో వ్రాయబడినది. ఒక వ్యాసమున ఎవరైన ఒక్క అక్షరమును దిద్దినను పాతప్రతి చెఱిగిపోదు, చరిత్రలో నిలిచియుండును. తిరుత్తణిపై వ్యాసమున ఒక వాక్యమును చేర్చినచో సిద్ధాంతరీత్యా పూర్తి వ్యాసము మఱియొకసారి భద్రపఱుపబడవలెను. అందుచేత మీడియావికీలో, పాఠమును దాచునప్పుడు ‘జీజెడ్-డిఫ్లేట్’ అను ఆజ్ఞతో కుదించి, ఇది కుదింపబడిన దని ప్రక్కన గుర్తు వేసి, చదువరి అడిగినప్పుడు ‘జీజెడ్-ఇన్‌ఫ్లేట్’ ఆజ్ఞతో విప్పి యిచ్చు ఏర్పాటు గలదు. ఇంకొక యడుగు ముందునకు వేసి, అనేక పాతప్రతులను ఒకదాని వెనుక నొకటి జేర్చి ఒక్క ముద్దగా కుదించు ఉపాయమును వారు కల్పించిరి. రెండవ ప్రతి యావత్తు మొదటిదానికి ప్రతిబింబమే గనుక దాని నిలువ ఖర్చు అత్యల్ప మగును.

అయితే ఇచ్చట తెలుగునకు నిజమైన నష్ట మొకటి గలదు. దానిని దాచుట న్యాయము కాదు. డిఫ్లేట్ వెనుకకు చూడగల 32,768 బైట్ల పరిధిలో ఇంగ్లీషు అక్షరము లన్ని వేలు పట్టును. తెలుగు సంకేతములు సుమారు 10,900 మాత్రమే. వ్యాస మా పరిమాణమును దాటినచో, వెనుకటి ప్రతిలోని అదే వాక్యము యంత్రముయొక్క చూపు మేరకు ఆవల పడిపోవును. కన్నెదుట నున్న ప్రతిబింబమును అది గుర్తింపజాలదు. ఇంగ్లీషు వ్యాసమున కీ గతి మూడింతలు పెరిగిన తరువాతగాని పట్టదు. బరువును గూర్చిన ఆక్షేపణములో సారవంతమైన భాగ మిది. పరిధిని విశాలము చేసిన తరువాతి పద్ధతులలో, ఉదాహరణమునకు 2016లో యాన్ కొలే వెలువరించిన ‘జెడ్-స్టాండర్డ్’లో, ఈ యిబ్బంది చాలవఱకు తీరినది.

ఆజ్ఞలను వాడువారికి తెలిసియుండవలసిన సంగతులు కొన్ని గలవు. పీహెచ్‌పీలో కుదించు ఆజ్ఞలలో ముఖ్యమైనవి మూడు. ‘జీజెడ్-డిఫ్లేట్’ ఒట్టి ముద్దను ఇచ్చును. ‘జీజెడ్-కంప్రెస్’ ముందు రెండు బైట్ల శీర్షికను, చివర నాలుగు బైట్ల ఆడ్లర్-32 పరిశీలన సంఖ్యను జోడించును. ‘జీజెడ్-ఎన్‌కోడ్’ 10 బైట్ల శీర్షికను, చివర మూలపు పొడవుతోబాటు సీఆర్‌సీ-32 సంఖ్యను కలిపి 8 బైట్లను చేర్చును. లోపలి సారము మూడింటను ఒక్కటే. కాని ఏ ఆజ్ఞతో కట్టితిమో దాని జంట ఆజ్ఞతోనే విప్పవలెను. ఒట్టి ముద్దలో పరిశీలన సంఖ్య లేదు గనుక త్రోవలో ఒక బిట్టు చెడినను పట్టుకొనుటకు ఆధారము తక్కువ. దీర్ఘకాలము నిలువ చేయదలచినవారు చివరిదానిని వాడుట మేలు. 0 మొదలు 9 వఱకు ప్రయాసస్థాయిని నిర్ణయింపవచ్చును. ఏమియు చెప్పనిచో యంత్రము 6ను గైకొనును.

విప్పునప్పుడు మఱియు జాగ్రత్త కావలెను. డిఫ్లేట్ లో ఒక బైటు విప్పగా గరిష్ఠముగా సుమారు 1,032 బైట్లు కావచ్చును గనుక, దుర్బుద్ధి గలవాడు సున్నలతో నిండిన పెనుఫైలును చిన్నమూటగా గట్టి పంపినచో విప్పబూనిన కంప్యూటరు స్మృతి యంతయు నిండి కూలిపోవును. కావుననే విప్పు ఆజ్ఞలో ‘ఇంతకు మించి విప్పవద్ద’ని హద్దు పెట్టు అవకాశము గలదు, అపరిచితులనుండి వచ్చిన మూటలకు ఆ హద్దును పెట్టక విడుచుట తగదు.

ఒకసారి కుదించినదానిని మరల మరల కుదించి బిందువుగా చేయవచ్చునా యని అడుగువా రున్నారు. వీలు కాదనుటకు చిన్న లెక్క చాలును. పది బిట్ల పొడవుగల వరుసలు 1,024. పదికంటె తక్కువ పొడవుగలవి, శూన్యమును లెక్కించినను, 1,023. ఎక్కువవానిని తక్కువ స్థానములలో పెట్టినచో ఏవో రెండైనను ఒక్కచోట పడక తప్పదు. పడినవానిని విడదీయుట బ్రహ్మకును శక్యము కాదు. అందుచేత కొన్నింటిని చిన్నవిగా జేయు ప్రతి పద్ధతియు మఱికొన్నింటిని పెద్దవిగా జేసి తీరవలెను. క్రమమున్న రచన తగ్గును; క్రమములేని గందరగోళము తగ్గదు. మనుష్యులు వ్రాసిన తెలుగు మొదటి తెగకు చెందినది.

ఇంతవఱకు చెప్పినది ఒక్క బిట్టును పోగొట్టని సంపీడనమును గూర్చి. ఛాయాచిత్రములకు, సంగీతమునకు కొంత వదలివేయు పద్ధతులు వాడుకలో నున్నవి. కంటికి, చెవికి తెలియనిచో దోషము లేదు. పత్రములకు మాత్ర మది ప్రమాదకరము. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అను శాస్త్రజ్ఞుడు, కాగితములను స్కాను చేయు కొన్ని యంత్రములు 6 ఉన్నచోట 8ని ముద్రించుచున్నవని కనుగొని లోకమును దిగ్భ్రాంతి పఱచెను. ఒకదానినొకటి పోలిన చిన్నచిన్న తునుకలను ఒక్కటిగా భావించి ఒకే ప్రతిని నిలువ చేయుట అందులకు కారణము. లెంపెల్–జివ్ పద్ధతియు పునరుక్తిని వెదకునదే. కాని అది ‘పోలినది’తో తృప్తి పడదు, ‘అదే’ కావలెనని పట్టుబట్టును. సర్వే సంఖ్యలు, వీలునామాలు, పాఠశాల ధ్రువపత్రములు నిలువచేయువారు ఈ భేదమును మఱువరాదు. తెలుగు పత్రములలో ‘థ’ ‘ధ’లును, ‘ఘ’ ‘ఫు’లును ఎంత పోలియుండునో తలచుకొనినచో భయము మఱింత హెచ్చును.

చివరిది, నా మనసునకు మిక్కిలి పట్టినది, చిన్న సందేశముల సంగతి. సంపీడనము పునరుక్తిని తినును. రెండు వాక్యముల సందేశములో పునరుక్తి యెక్కడిది? శీర్షికయు చివరి బైట్లును గలిసి కట్టు సామగ్రియే 18 బైట్లు కాగా, కుదింపువలన మిగిలినది దానికే సరిపోవచ్చును. ఈ కష్టమును గమనించి, 2016లో ప్రమాణముగా వెలువడిన ‘బ్రోట్లీ’ పద్ధతి నిర్మాతలు సుమారు 13,000 పదముల నిఘంటువును పద్ధతిలోనే పొదిగిరి. కట్టువాడును విప్పువాడును దానిని ముందే ఎఱిగియుందురు. పాణిని చదువరికి వర్ణక్రమము తెలిసియుండవలెనన్న నియమమే యిది. ఆ నిఘంటువులో ఇంగ్లీషు, స్పానిషు, చైనీయము, రష్యను, అరబ్బీ, హిందీ మాటలు గలవు; తెలుగు లేదు. కోట్ల జనుల భాషకు అందు చోటు దొరకకుండుట నాకు బాధాకరము. తెలుగు బరువన్న మాట పుట్టుటకు లిపికంటె ఇట్టి లోపములే ఎక్కువ కారణము.

ఐనను దీనికి మందు మన చేతిలోనే యున్నది. జెడ్‌లిబ్ తన్ను వాడువాడు తన నిఘంటువును తానే సమకూర్చుకొను వీలు కల్పించినది; పైథాన్, పీహెచ్‌పీ, టీసీఎల్ మూడింటను ఆ వీలు గలదు. జెడ్-స్టాండర్డ్ ఐనచో వేలకొలది నమూనా సందేశములను చూపినంతనే నిఘంటువును తానే తయారుచేయును. జెడ్‌లిబ్‌కు కూర్చువారు ‘చున్నది’, ‘గారికి నమస్కారము’, ‘తెలియజేయగలరు’, ఊళ్ళ పేర్లు, వారముల పేర్లు, సంబంధవాచకములు మొదలగువానిని 32,768 బైట్లలోపల వరుసగా వ్రాసి, అన్నిటికంటె తఱచుగా వచ్చువానిని చివరను ఉంచవలెను. దగ్గఱనున్నదానిని చూపుటకు తక్కువ బిట్లు చాలును గనుక సందేశమునకు చేరువ స్థానము వానికే ఈయవలెను. తిరుత్తణి యింట వ్రాయువాని యొద్దను, పట్టాభిరామ్ కార్యాలయమున చదువువాని యొద్దను ఒకే నిఘంటువు ఉండవలెను. జెడ్‌లిబ్ శీర్షికలో ఆ నిఘంటువుయొక్క ఆడ్లర్-32 సంఖ్య కూడ ప్రయాణము చేయును. ఒక పొల్లు తేడాగా నున్నను సంఖ్యలు కుదరక, విప్పు ఆజ్ఞ తప్పుగా విప్పుటకు బదులు ఆగిపోయి, సరియైన నిఘంటువు కావలెనని యడుగును.